విండోసు నుండి లినక్సునకు: మూడు ప్రయాణముల చరిత్ర

ఒక పుస్తకమును కొన్నవాడు దానిని చదువవచ్చును, పొరుగువానికి ఎరువీయవచ్చును, గ్రంథాలయమునకు దానము చేయవచ్చును, ఇరువదియేండ్లు గడచిన పిమ్మట తిరిగి తెరువవచ్చును. ప్రచురణకర్త వచ్చి ఆ పుస్తకమునకు గడువు తీరినదని చెప్పడు. కంప్యూటరు విషయము అట్టిది కాదు. యంత్రమును సొమ్ము పెట్టి కొన్నవాడు యంత్రమునకే యజమాని. దానిని నడపు సాఫ్టువేరునకు అతడు యజమాని కాడు. కొన్ని షరతులకు లోబడి వాడుకొనుటకు అనుమతి పొందినవాడు మాత్రమే.

ఈ భేదము 2025 అక్టోబరు 14వ తేదీన లోకమునకు స్పష్టముగా తెలిసివచ్చినది. మైక్రోసాఫ్టు సంస్థ 2015 జూలైలో విడుదల చేసిన విండోసు 10కు ఆనాటితో సాధారణ సహాయము ముగిసెను. దాని తరువాతిదగు విండోసు 11, 2021 అక్టోబరులో వెలువడినది. దానిని ఎక్కించుకొనుటకు టీపీఎం 2.0 అను భద్రతాసాధనమును, కొంత ఇటీవలి తరమునకు చెందిన ప్రాసెసరును ఉండవలెనని నియమము. ఆ నియమమునకు తగని యంత్రములు లోకమున అసంఖ్యాకముగా ఉన్నవి. అవి చెడిపోలేదు. వాని తెర వెలుగుచున్నది, మీటలు పలుకుచున్నవి, ప్రింటరు కాగితమును ముద్రించుచున్నది. అయినను వానికి కాలము చెల్లినట్లయినది. అట్టి యంత్రము గల ఇంటివారికిని, పాఠశాలకును, చిన్న గ్రంథాలయమునకును మూడు మార్గములు కలవు: క్రొత్త యంత్రమును కొనుట, రక్షణ లేకయే పాతదానిని నడపుట, లేదా లినక్సునకు మారుట. ఈ మూడవ మార్గమున ఇదివరకే నడచినవారి చరిత్రను తెలిసికొనుట క్రొత్తగా అడుగుపెట్టువారికి మేలు చేయును.

కంప్యూటరు స్వయముగా ఏ పనియు ఎరుగదు. మీట నొక్కిన అక్షరము తెరమీదికి వచ్చుటకు, తెరమీది అక్షరము కాగితముపైకి దిగుటకు, నేడు వ్రాసినది రేపటికి నిలుచుటకు నడుమ ఒక నిర్వాహకుడు ఉండవలెను. ఆ నిర్వాహకునే ఆపరేటింగు సిస్టము అందురు. విండోసు అట్టిది ఒకటి, లినక్సు మరియొకటి. ఉత్తరము వ్రాయు సాఫ్టువేరు, లెక్కలు వేయు సాఫ్టువేరు, అంతర్జాలమును చూపు బ్రౌజరు మొదలగునవన్నియు ఈ నిర్వాహకుని అధీనమున పనిచేయును. కావున నిర్వాహకుని మార్చినప్పుడు ఇల్లు మారినట్లే అగును; సామాను అంతయు క్రొత్త ఇంటిలో ఇముడునా లేదా అని ముందుగా చూచుకొనవలెను.

ఈ కథకు మూలము 1969లో ఉన్నది. ఆ సంవత్సరమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలగువారు యూనిక్సు అను వ్యవస్థకు పునాది వేసిరి. ఆ కాలమున విశ్వవిద్యాలయములలో ఒకరు వ్రాసిన సాఫ్టువేరును మరియొకరు చూచి, దిద్ది, తిరిగి పంచుకొనుట పరిపాటిగా ఉండెను. 1970ల నడుమ చిన్న కంప్యూటరులు వ్యక్తుల చేతికి వచ్చినవి. అప్పుడు సాఫ్టువేరు అమ్మకపు సరకు అయినది. 1976 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్టు స్థాపకులలో ఒకడగు బిల్ గేట్సు కంప్యూటరు అభిమానులకు ఒక బహిరంగలేఖ వ్రాసెను. తాము శ్రమించి వ్రాసినదానిని మూల్యము చెల్లింపక నకలు తీసికొనుట దొంగతనమని అతని వాదము. ఆ వాదమున న్యాయము లేకపోలేదు. శ్రమించినవానికి ప్రతిఫలము కావలెను. అయితే మూల్యము చెల్లించినవానికి సైతము సాఫ్టువేరు లోపల ఏమున్నదో చూచు హక్కు లేకుండుట మరియొక ప్రశ్న.

ఆ రెండవ ప్రశ్న 1980 ప్రాంతమున మాసచూసెట్సు సాంకేతిక విద్యాసంస్థలోని కృత్రిమమేధా ప్రయోగశాలలో ఒక ప్రింటరు మూలమున తలయెత్తినది. ఆ ప్రింటరులో కాగితము తరచు చిక్కుకొనుచుండెను. పాత ప్రింటరునకు రిచర్డ్ స్టాల్మన్ అను ఉద్యోగి ఒక ఉపాయము చేసియుండెను: కాగితము చిక్కుకొన్న వెంటనే ముద్రణకు ఎదురుచూచుచున్నవారి తెరమీద ఆ వార్త కనబడును. క్రొత్త ప్రింటరునకును అదే ఏర్పాటు చేయుదమన్న, దాని సాఫ్టువేరు మూలపాఠము దొరకలేదు. అది తన వద్ద గల ఒక ఆచార్యుని అడుగగా, ఎవరికిని ఈయనని తాను మాట యిచ్చితినని ఆయన నిరాకరించెను. చిన్న సంఘటనయే; దాని ఫలితము మాత్రము పెద్దది. 1983 సెప్టెంబరు 27న స్టాల్మన్ గ్నూ అను స్వేచ్ఛా వ్యవస్థను నిర్మింతునని ప్రకటించెను. 1985లో ఫ్రీ సాఫ్టువేరు ఫౌండేషన్ ఏర్పడెను. 1989లో జీపీఎల్ అను అనుమతిపత్రము వెలువడెను. సాఫ్టువేరును ఏ పనికైనను వాడుటకు, దాని నిర్మాణమును పరిశీలించి మార్చుకొనుటకు, నకళ్లు పంచుటకు, మార్చినదానిని పంచుటకు ఆ పత్రము అందరికి హక్కు నిచ్చినది. పంచినవాడు తరువాతివానికిని అవే హక్కులను ఈయవలెనని దానిలోని ముఖ్యనియమము.

గ్నూ నిర్మాతలు పలు ఉపకరణములను సిద్ధపరచిరి గాని, యంత్రమును నేరుగా పాలించు కెర్నెల్ అను హృదయభాగము వారికి సకాలమున సిద్ధపడలేదు. ఆ కొరతను తీర్చినవాడు ఫిన్లండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్సు. అతడు 1991 ఆరంభమున వాయిదాలపై ఒక 386 కంప్యూటరును కొనెను. విద్యార్థుల బోధనకై ఆండ్రూ టానెన్‌బామ్ రచించిన మినిక్సు అను చిన్న వ్యవస్థను దానిపై నడపి, దాని పరిమితులతో తృప్తిపడక, తానే ఒక కెర్నెలును వ్రాయ మొదలిడెను. 1991 ఆగస్టు 25న దానిని గూర్చి ప్రకటించెను. అప్పటికి అతని వయస్సు ఇరువదియొక్క సంవత్సరములు. అది వినోదముకొరకు చేసిన పనియనియు, పెద్దది కాబోదనియు అతడు తలచెను. 1992లో దానిని జీపీఎల్ క్రిందికి తెచ్చెను. అనేకదేశములవారు చేయి కలిపిరి. 1994 మార్చిలో లినక్సు 1.0 వెలువడెను.

ఈలోపల విండోసు లోకమంతట వ్యాపించినది. 1985లో మొదటి విండోసు, 1995లో విండోసు 95, 2001లో విండోసు ఎక్స్‌పీ వచ్చినవి. క్రొత్త కంప్యూటరు కొన్న, అందు విండోసు ముందే యెక్కించియుండుట వాడుక అయినది. కంప్యూటరు నేర్పు కేంద్రములు దానినే నేర్పినవి. ప్రింటరు తయారుచేయువారు దానినే దృష్టియందుంచుకొని చేసిరి. లినక్సు పెద్ద సంస్థల సర్వరులలో స్థిరపడినదే గాని, సామాన్యుని బల్లమీదికి రాలేదు. దానిని యెక్కించుటకు గట్టి సాంకేతికజ్ఞానము కావలసియుండెను.

ఈ అడ్డంకిని క్రమముగా తొలగించినవారు పంపిణీదారులు. లినక్సు కెర్నెలునకు గ్నూ ఉపకరణములను, బొమ్మలతో కూడిన తెరను, నిత్యావసరమగు సాఫ్టువేరులను జతచేసి ఒక మూటగా ఇచ్చుటను డిస్ట్రిబ్యూషన్ అందురు. 1993లో ఇయాన్ మర్డాక్ డెబియన్ పంపిణీని ప్రారంభించెను. 2000లో జర్మనీకి చెందిన క్లౌస్ క్నాపర్ విడుదల చేసిన నాపిక్సు అను డిస్కు ఒక క్రొత్త సౌకర్యమును ప్రసిద్ధికి తెచ్చినది. డిస్కును పెట్టి యంత్రమును మొదలిడినచో, లోపలి విండోసును ముట్టుకొనకయే లినక్సు నడచును. డిస్కు తీసివైచిన యంత్రము యథాప్రకారము ఉండును. 2004 అక్టోబరులో ఉబుంటు మొదటిసారి విడుదలయైనది. కోరినవారికి తపాలా ఖర్చు సైతము లేకుండ దాని డిస్కులను దేశదేశములకు పంపుట 2011 వరకు సాగినది. విండోసు అలవాటు గలవారికి పరిచితముగా తోచు తెరతో లినక్సు మింట్ 2006లో వచ్చినది. ఈ మూడింటి మూలమున లినక్సు నిపుణుల గది దాటి ఇంటి గడపకు చేరినది.

వ్యక్తులు మారుట ఒక యెత్తు. వేలకొలది యంత్రములు గల ప్రభుత్వములు మారుట మరియొక యెత్తు. అట్టి ప్రయాణములు మూడు ముఖ్యముగా చెప్పదగినవి.

మొదటిది స్పెయిన్ దేశపు నైరుతిమూలన, పోర్చుగల్ సరిహద్దున ఉన్న ఎక్స్‌త్రెమదూరా ప్రాంతము. వ్యవసాయము ప్రధానముగా గల పేదప్రాంతమది. పాఠశాలలలో ఇద్దరు విద్యార్థులకు ఒక కంప్యూటరు చొప్పున సమకూర్పవలెనని అచ్చటి ప్రభుత్వము సంకల్పించినది. అన్ని యంత్రములకును అనుమతిపత్రములు కొనుటకు ధనము చాలదు. కావున 2002లో డెబియన్ పునాదిపై లినెక్సు అను తన పంపిణీని తానే సిద్ధపరచి, డిస్కులను ప్రజలకు పంచిపెట్టినది. చిత్రలేఖనమునకు ఉపయోగించు సాఫ్టువేరునకు ఆ గడ్డపై పుట్టిన చిత్రకారుడు సుర్బరాన్ పేరు పెట్టినది. విదేశీయమని జంకు గొల్పు యంత్రము స్వగ్రామపు పేరుతో పలుకరించినప్పుడు ప్రజలకు చనువు కలిగెను. పాఠశాలలతో ఆగక, ఊళ్లలో జ్ఞానకేంద్రములను నెలకొల్పి పెద్దలకును గృహిణులకును కంప్యూటరు నేర్పిరి. తరువాత ప్రభుత్వములు మారినవి, ప్రాధాన్యములు మారినవి. లినెక్సు తయారీ ఆగిపోయినది. ఒక ప్రాంతము ఒంటరిగా ఒక పంపిణీని చిరకాలము మోయుట కష్టమని ఆ అనుభవము తెలుపుచున్నది. అయినను ఒక తరమువారికి కంప్యూటరు పరిచయమైనది దాని మూలముననే.

రెండవది జర్మనీలోని మ్యూనిక్ నగరము. అచ్చటి పురపాలక సంస్థకు పదునాలుగువేల కంప్యూటరులు ఉండెను. అవి విండోసు ఎన్టీ 4 పై నడచుచుండెను. దానికి సహాయము ముగియుచున్నందున, ఏదో యొక మార్పు తప్పదాయెను. క్రొత్త విండోసు కొనుటయా, లినక్సునకు పోవుటయా అని చర్చ జరిగినది. 2003 మార్చిలో మైక్రోసాఫ్టు అధిపతి స్టీవ్ బామర్ తన విహారయాత్రను నడుమ ఆపి, నగరాధ్యక్షుడు క్రిస్టియన్ ఊడెను స్వయముగా కలిసికొనెను. ఆ సంస్థ తన ధరను తగ్గించెను. అయినను 2003 మే 28న నగరసభ లినక్సువైపే మొగ్గు చూపెను. ఒకే సంస్థపై ఆధారపడరాదనుట సభ్యులను కదిలించిన ప్రధానకారణము. 2004 జూన్‌లో తుదినిర్ణయము జరిగెను. ఆ పథకమునకు లిముక్సు అని పేరు.

తీర్మానము చేసినంత మాత్రమున పని కాలేదు. మొదటి యంత్రములు మారుటకు 2006 సెప్టెంబరు వచ్చినది. ఆలస్యమునకు కారణము లినక్సు కాదు. నగరపు పాత అలవాట్లు. ఇరువదికి పైగా వేర్వేరు ఐటీ విభాగములు ఎవరి పద్ధతిలో వారు యంత్రములను నడపుచుండిరి. ప్రతి కార్యాలయమునకును వేరువేరు ఉత్తరపు నమూనాలు, ఫారములు ఉండెను. మైక్రోసాఫ్టు ఆఫీసులో అల్లుకొన్న చిన్న చిన్న ఏర్పాట్లు ఎన్ని ఉన్నవో వెదకి చూచు వరకు ఎవరికిని తెలియలేదు. వానిని ఏకరూపమునకు తెచ్చుటకై నగరము వోల్‌ముక్సు అను ఉపకరణమును తయారుచేసి, 2008లో లోకమునకు ఉచితముగా ఇచ్చినది. మొదట డెబియనుతోను, పిమ్మట ఉబుంటుతోను సాగి, 2013 చివరకు సుమారు 15 వేల యంత్రములు లినక్సు క్రిందికి వచ్చినవి. కోటి యూరోలకు పైగా మిగిలినదని నగరము 2012లో ప్రకటింపగా, మైక్రోసాఫ్టు కోరికపై జరిగిన మరియొక అధ్యయనము ఆ లెక్కను ఖండించినది.

2014లో డీటర్ రైటర్ నగరాధ్యక్షుడాయెను. ఉద్యోగులనుండి ఫిర్యాదులు వినవచ్చుచున్నవని చర్చ మరల మొదలాయెను. బయటి కార్యాలయములు పంపిన పత్రములు సరిగా తెరుచుకొనకుండుట, కొన్ని ప్రత్యేక సాఫ్టువేరులు విండోసునే కోరుట వారి ఇబ్బందులు. కొన్నివేల యంత్రములను విండోసుతోనే ఉంచవలసి వచ్చినందున రెండు వ్యవస్థలను నడపు భారము మీదపడినది. 2016లో జరిగిన పరిశీలనలో, చిక్కులు సాఫ్టువేరులో కంటె నగరపు ఐటీ శాఖల కూర్పులో ఎక్కువగా ఉన్నట్లు తేలినది. అయినను 2017 నవంబరులో సభ విండోసునకు మరలవలెనని నిర్ణయించెను. ఆ మార్పుకు 4 కోట్ల 90 లక్షల యూరోలకు పైగా వ్యయమగునని అంచనా వేసిరి. 2020 మేలో ఏర్పడిన క్రొత్త పాలకకూటమి, వీలగుచోట్ల స్వేచ్ఛా సాఫ్టువేరునకే ప్రాధాన్యమీయవలెనని తన ఒప్పందములో చేర్చినది. ఇట్లు ఒక నగరము పోయి, మరలి, మరల వెనుకకు చూచినది. దీనిని లినక్సు ఓటమియని కొందరును, రాజకీయమని మరికొందరును చెప్పుదురు. ప్రజల వాడుకను, పత్రముల రూపమును, సేవచేయు సిబ్బందిని కలిపి మార్చనిచో యంత్రమును మార్చుట నిలువదను పాఠమును మాత్రము ఇరువాదులును ఒప్పుకొనవలెను.

మూడవది కేరళ రాష్ట్రము. 2001లో ఆ రాష్ట్రము ఐటీ ఎట్ స్కూలు అను పథకమును ప్రారంభించినది. తొలుత పాఠ్యము విండోసుపై ఆధారపడియుండెను. ఆ సంవత్సరము జూలైలోనే తిరువనంతపురమున ఫ్రీ సాఫ్టువేరు ఫౌండేషన్ భారతశాఖ ప్రారంభమాయెను. ప్రభుత్వపు బడిలో ఒకే వ్యాపారసంస్థ సరకును పాఠముగా బోధించుట తగదని ఉపాధ్యాయ సంఘములు వాదించినవి. ఈ వాదము ఫలించి, బడులు క్రమముగా లినక్సునకు మారినవి. 2008 నాటికి పదవతరగతి ఐటీ పరీక్ష పూర్తిగా స్వేచ్ఛా సాఫ్టువేరుపైననే జరుగుచుండెను. 2017లో ఈ పథకము కైట్ అను ప్రభుత్వసంస్థగా రూపొందినది. 2019లో ఆ సంస్థ ఉబుంటుపై ఆధారపడిన క్రొత్త రూపమును రెండు లక్షలకు పైబడిన పాఠశాల కంప్యూటరులకు ఉద్దేశించి వెలువరించినది. దీని మూలమున మూడువేల కోట్ల రూపాయలు మిగులునని అది అంచనా వేసినది.

కేరళ నిలిచినది, మ్యూనిక్ తడబడినది. కారణమేమి? కేరళ యంత్రములకంటె ముందు ఉపాధ్యాయులను సిద్ధపరచెను. ఉపాధ్యాయులనుండియే శిక్షకులను ఎన్నుకొని, వారిచేత తక్కినవారికి నేర్పించెను. గణితమునకు, భూగోళమునకు, మలయాళ లేఖనమునకు కావలసిన సాఫ్టువేరులను పాఠ్యముతో ముడిపెట్టెను. 2018లో లిటిల్ కైట్స్ పేరుతో విద్యార్థి సంఘములు ఏర్పడి, బడియంత్రముల బాగోగులను పిల్లలు కొంత తామే చూచుకొనసాగిరి. పాత అలవాటు లేని పిల్లలకు మొదటి పరిచయమే లినక్సుతో జరిగినందున మరచుటకు ఏమియు లేకపోయెను. మ్యూనిక్ ఉద్యోగులకో, పదియేండ్ల అలవాటును విడువవలసి వచ్చినది.

తెలుగువారికి ఈ చరిత్రలో తమదైన ఘట్టము కలదు. 1991లో వెలువడిన యూనికోడు మొదటి ప్రమాణములోనే తెలుగు లిపికి స్థానము దొరకినది. అయితే అచ్చుపనికై డీటీపీ కేంద్రములలో అంతకుముందునుండి వాడుకలోనికి వచ్చిన అక్షరరూపములు ఎవరి పద్ధతి వారివే. ఆ ఫైలును వేరొక యంత్రమున తెరచిన, తెలుగు బదులు పొంతనలేని గుర్తులు కనబడును. యూనికోడులో వ్రాసిన తెలుగు విండోసులోను లినక్సులోను ఫోనులోను తెలుగుగనే ఉండును. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన అను యూనికోడు అక్షరరూపములు డెబియన్ వంటి పంపిణీలలో చేరినవి. హైదరాబాదు కేంద్రముగా స్వేచ్ఛ సంస్థ డెబియన్ పునాదిపై తెలుగులో పలుకు వ్యవస్థను సిద్ధపరచినది. తెరమీది ఆదేశములను, బ్రౌజరును, లిబ్రేఆఫీసును తెలుగు చేసినవారిలో అధికులు ప్రతిఫలము కోరని స్వచ్ఛందసేవకులు. ఏ సంస్థ యనుమతికిని ఎదురుచూడక ఈ పని సాగుటకు కారణము ఆ సాఫ్టువేరుల అనుమతిపత్రములలోని స్వేచ్ఛయే.

గ్రంథాలయములవారు గుర్తుంచుకొనదగిన ఉదాహరణము మరియొకటి న్యూజీలండున కలదు. 1999లో హోరోఫెనువా గ్రంథాలయ సంస్థ వాడుచున్న పాత కంప్యూటరు పద్ధతి 2000 సంవత్సరపు తేదీలను అర్థము చేసికొనలేని స్థితిలో ఉండెను. క్రొత్తది కొనుట చిన్న గ్రంథాలయమునకు భారము. కావున ఒక స్థానిక సంస్థచేత కోహా అను సాఫ్టువేరును వ్రాయించి, 2000లో దానిని అందరికి విడుదల చేసినది. మావోరీ భాషలో కోహా యనగా కానుక. లినక్సుపై నడచు ఆ కానుక నేడు ఎన్నియో దేశముల గ్రంథాలయములలో పుస్తకముల జాబితాను, ఎరువు లెక్కలను చూచుచున్నది.

ఈ చరిత్రనుండి ఒంటరిగా ఒక కంప్యూటరును మార్చదలచినవారు గ్రహింపవలసిన క్రమము ఇట్లుండును.

మ్యూనిక్ మొదట చేయవలసి, ఆలస్యముగా చేసిన పని జాబితా. యంత్రమున నిత్యము వాడు సాఫ్టువేరు ఏది, ప్రింటరు ఏది, ఏ ఫైలులు ఎవరికి పంపవలసియున్నవి అని కాగితముపై వ్రాసికొనవలెను. ఉత్తరములు, లెక్కల పట్టికలు, అంతర్జాలము, పాటలు, చిత్రములు మాత్రమే అవసరమగువారికి లినక్సు చాలును. దుకాణపు లెక్కలకు టాలీ వాడువారికి, పాత పద్ధతి అక్షరరూపములతో పేజీలు కూర్చువారికి విండోసు అవసరము తీరదు. వైన్ అను ఉపకరణము కొన్ని విండోసు సాఫ్టువేరులను లినక్సుపై నడపును గాని, అన్నింటిని నడపదు. అట్టివారు తొందరపడరాదు.

రెండవది అలవాటు. ఆపరేటింగు సిస్టమును మార్చుటకు ముందే విండోసులోనే లిబ్రేఆఫీసును, ఫైర్‌ఫాక్సును ఎక్కించి కొన్ని వారములు వాడుట మంచిది. అవి లినక్సులోను అవే రూపముతో కనబడును. అప్పుడు ఇల్లు మారినను సామాను పరిచితముగనే ఉండును.

మూడవది భద్రము. ఉన్న ఫైలులనన్నింటిని వేరొక డిస్కులోనికో పెన్‌డ్రైవులోనికో నకలు తీసి, ఆ నకలు వేరొక యంత్రమున తెరుచుకొనుచున్నదా యని చూడవలెను. ఈ పని చేయక ముందునకు సాగినవారు పశ్చాత్తాపపడుదురు. తిరిగి సంపాదింపరానిది యంత్రము కాదు, అందలి వ్రాతలు.

నాలుగవది పరీక్ష. లినక్సు మింట్ గాని ఉబుంటు గాని దాని సొంత వెబ్‌సైటునుండి దింపుకొని, రూఫస్ వంటి ఉపకరణముతో ఎనిమిది జీబీల పెన్‌డ్రైవునకు ఎక్కింపవలెను. ఆ పెన్‌డ్రైవులో ఉన్నదంతయు చెరిగిపోవును గనుక ఖాళీది వాడవలెను. యంత్రము మేల్కొనునప్పుడు తగిన మీట నొక్కి పెన్‌డ్రైవునుండి మొదలిడినచో, నాపిక్సు కాలమునాటి సౌకర్యమే లభించును; లోపలి విండోసు చెక్కుచెదరదు. అప్పుడు వైఫై కలియుచున్నదా, శబ్దము వినబడుచున్నదా, ప్రింటరు ముద్రించుచున్నదా, ఇన్‌స్క్రిప్టు కీలకపటముతో తెలుగు వ్రాయుట కుదురుచున్నదా యని ఒక్కొక్కటి చూడవలెను. నాలుగు జీబీల జ్ఞాపకశక్తి గల పాత యంత్రమునకు మింటులోని ఎక్స్ఎఫ్‌సీఈ రూపము తేలికగా ఉండును.

ఐదవది నిర్ణయము. పరీక్షలో తృప్తి కలిగిన తరువాతనే ఎక్కింపవలెను. విండోసు ప్రక్కనే లినక్సును ఉంచి, మొదలిడునప్పుడు ఏది కావలెనో ఎంచుకొనుట ఒక పద్ధతి. డిస్కు మొత్తమును లినక్సునకే ఈయుట మరియొకటి. ఎక్కించునప్పుడు డిస్కు మొత్తమును చెరుపవలెనా యని యంత్రము అడుగును. ఆ ఒక్క ప్రశ్నను రెండుమారులు చదివి జవాబీయవలెను. డిస్కును రహస్యలిపిలో భద్రపరచియున్న యంత్రములలో ఆ తాళపుసంఖ్యను ముందుగనే వ్రాసి ఉంచుకొనవలెను. ఎక్కించిన పిమ్మట మొదటి పని తాజా సవరణలను దింపుకొనుట. క్రొత్త సాఫ్టువేరు కావలసినప్పుడు దొరకినచోటల్లా వెదకక, పంపిణీవారి సాఫ్టువేరు భాండాగారమునుండియే తీసికొనవలెను.

ఆరవది కేరళ నేర్పిన పాఠము: తోడు. ఊరిలో ఒక్కరు మారిన, చిక్కు వచ్చిన దినమున వారికి దిక్కు ఉండదు. నలుగురు కలిసి మారిన, ఒకరికి తెలియనిది మరియొకరు చెప్పుదురు. ప్రింటరు పలుకలేదని, తెలుగు అక్షరము విరిగినదని మొదటి నెలలో విసుగు పుట్టును. ఆ నెల దాటించువాడు ఒక్కడున్న చాలును.

లినక్సు వలన అన్ని చిక్కులు తీరునని చెప్పుట సత్యము కాదు. అది ఉచితముగా దొరకినను, నేర్చుకొనుటకు కాలము వెచ్చింపవలెను; కాలము సైతము మూల్యమే. విండోసు వాడువారు అవివేకులును కారు. పనికి తగిన పనిముట్టును ఎన్నుకొనుట ఎవరి హక్కు వారిది. అయితే ఎన్నుకొనుటకు రెండవ మార్గము ఉన్నదని తెలియనివారికి ఆ హక్కు ఉన్నను లేనట్లే. ఒక ప్రింటరు మొరాయించినందున ఒకరు, వాయిదాల మీద కొన్న యంత్రముతో మరియొకరు, తేదీ తప్పిన జాబితాను దిద్దుకొనబోయి ఒక చిన్న గ్రంథాలయము ఈ రెండవ మార్గమున తలకొక కొంత దారి వేసిరి.

పాతబడినదని మూలకు చేర్చిన కంప్యూటరు అనేక గ్రంథాలయముల గదులలో ఈనాడును దుమ్ముపట్టి యుండును. దాని దుమ్ము తుడిచి, ఖాళీ పెన్‌డ్రైవుతో ఒక సాయంకాలము పరీక్షించినచో నష్టమేమియు లేదు. అది మేల్కొన్నచో, పోటీపరీక్షకు చదువు ఒక విద్యార్థికి, దరఖాస్తు నింపుకొనవలసిన ఒక రైతునకు, దూరదేశమున ఉన్న కుమారునకు తెలుగులో ఉత్తరము వ్రాయదలచిన ఒక తల్లికి అది మరికొన్నియేండ్లు ఉపయోగపడును.